పాత స్టాక్ టవర్ సర్వర్ తగ్గింపు ధరకు వస్తోంది, ఇంటి కంప్యూటర్‌గా పనికొస్తుందా?

భైరాగిపట్టెడ_ఆల్బమ్స్

అందరికీ నమస్తే. ఉండేది తిరుపతి. ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ చేస్తాను. ఫొటోషాప్ రోజంతా నడుస్తుంది, నెలాఖరున ట్యాలీ, సాయంత్రాలు పిల్లల చదువు. ఇప్పుడున్న సిస్టమ్‌లో 12×36 షీట్ తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలదు. మార్చక తప్పదు.

చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి సరుకు తెచ్చే ఒక డీలర్ రెండు టవర్ సర్వర్లు చూపించారు. రెండూ సీల్ విప్పని పాత స్టాక్ అంటున్నారు.

డెల్ పవర్‌ఎడ్జ్ టీ40: జియాన్ ఈ-2224జీ, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ధర 39,000, జీఎస్టీ అదనం.

డెల్ పవర్‌ఎడ్జ్ టీ140: జియాన్ ఈ-2224, మిగతావన్నీ అవే. ధర 31,000, జీఎస్టీ అదనం.

ప్రాసెసర్ పేరులో 'జీ' అక్షరం తప్ప తేడా కనిపించలేదు. టీ140 తీసుకుని, మిగిలే 8,000తో ర్యామ్ పెంచుదామని ఉంది. ఆయన దగ్గరే 16 జీబీ సర్వర్ ర్యామ్ చాలా చౌకగా ఉంది. విండోస్ 11 వేయాలి. మానిటర్‌కు హెచ్‌డీఎమ్ఐ, వీజీఏ రెండూ ఉన్నాయి. ఫొటోల కోసం 4 టీబీ డిస్క్ కూడా పెట్టాలి. ఏది తీసుకోమంటారు?

చిత్తూరు_బెంచ్

అన్నా, ఆ 'జీ' అక్షరంలోనే విషయమంతా ఉంది. ఈ-2224జీ లోపల యూహెచ్‌డీ పీ630 గ్రాఫిక్స్ ఉంటుంది, ఈ-2224లో ఉండదు. కోర్లు రెండింటిలోనూ నాలుగే, థ్రెడ్లూ నాలుగే. కానీ ఇంటి వాడకానికి ఈ రెండు డబ్బాలూ ఒక జాతివి కావు.

టీ40 పేరుకే సర్వర్. లోపలి బోర్డు, డబ్బా, పవర్ సప్లై అన్నీ వర్క్‌స్టేషన్ తరహావి. వెనుక రెండు డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి. ఐడ్రాక్ (సర్వర్‌ను దూరం నుంచి చూసుకోవడానికి డెల్ పెట్టే చిప్) లేదు. మామూలు డెస్క్‌టాప్‌లా లేస్తుంది, మామూలు డెస్క్‌టాప్‌లా పడుకుంటుంది.

టీ140 అసలైన సర్వర్. తెర మీద బొమ్మ వచ్చేది ఐడ్రాక్‌తో పాటు ఉండే మ్యాట్రాక్స్ జీ200 నుంచి. దాని వీడియో మెమరీ 16 మెగాబైట్లు, బయటికి వచ్చేది వీజీఏ ఒక్కటే, 1920×1200 దాటదు. త్రీడీ యాక్సిలరేషన్ అన్న మాటే లేదు. సెట్టింగులు చూసుకోవడానికి, సర్వర్‌ను బాగుచేసుకోవడానికి పెట్టిన తెర అది. ఫొటోషాప్ ప్రిఫరెన్సుల్లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఆప్షన్ దాని మీద పనిచేయదు. వీడియో చూసినా భారమంతా నాలుగు కోర్ల మీదే పడుతుంది.

కార్డు వేసుకుంటా అంటారా? టీ140 పవర్ సప్లై 365 వాట్లు. గ్రాఫిక్స్ కార్డుకు విడిగా ఇచ్చే 6 పిన్నుల కనెక్టర్ అందులో ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. అంటే స్లాట్ నుంచి వచ్చే కరెంటుతోనే నడిచే కార్డు కావాలి. సర్వర్ బోర్డుల్లో స్లాట్ పొడవు ఒకటి, లోపలి లేన్లు (డేటా వెళ్లే దారులు) ఇంకొకటి. పొడవాటి స్లాట్‌లో 8 లేన్లే ఉండొచ్చు. చిన్న స్లాట్ల నుంచి 25 వాట్లకు మించి లాగకూడదు. మూత తీస్తే బోర్డు మీద స్లాట్ పక్కనే ముద్రించి ఉంటుంది, చదువుకోండి. ఎన్విడియా టీ400, క్వాడ్రో పీ400 లాంటివి 30 వాట్ల కార్డులు, పొడవాటి స్లాట్‌లో సులువుగా నడుస్తాయి.

కార్డు వేశాక ఇంకో చిక్కు. డెల్ జాబితాలో లేని కార్డును ఐడ్రాక్ గుర్తించకపోతే, దాని వేడి ఎంతో తెలియదు కాబట్టి ఫ్యాన్ వేగం పెంచేస్తుంది. పడకగదిలో పెడితే నిద్ర పట్టదు. ఐడ్రాక్‌కు కమాండ్లు ఇచ్చే రాకాడమ్ టూల్‌తో థర్మల్ సెట్టింగుల్లోకి వెళ్లి 'థర్డ్ పార్టీ పీసీఐ ఫ్యాన్ రెస్పాన్స్'ను డిజేబుల్ చేస్తే తగ్గుతుంది. అప్పుడు కార్డు చల్లదనం బాధ్యత మీదే, వేసవిలో ఉష్ణోగ్రత గమనిస్తూ ఉండాలి.

విండోస్ 11కు టీపీఎమ్ 2.0 (భద్రతా తాళాలు దాచే చిప్) కావాలి. టీ140లో అది విడిగా గుచ్చే చిన్న మాడ్యూల్, అన్ని డబ్బాల్లోనూ రాదు. డెల్ టీపీఎమ్ మాడ్యూల్‌ను ఒకసారి గుచ్చితే ఆ బోర్డుకే కట్టుబడిపోతుంది, పీకి ఇంకో బోర్డులో పెడితే పనిచేయదు. పాత సర్వర్ నుంచి తీసినది ఎవరైనా తక్కువకు ఇస్తామంటే తీసుకోవద్దు. ప్రాసెసర్ల వరకు బెంగ లేదు, రెండూ మైక్రోసాఫ్ట్ విండోస్ 11 జాబితాలో ఉన్నవే.

సౌండ్ జాక్ లేదు, యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాలి. స్లీప్ ఉండదు. ఆన్ చేస్తే ఐడ్రాక్ తనిఖీలన్నీ ముగిసి విండోస్ వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు పడుతుంది. కార్డు, టీపీఎమ్, సౌండ్ కలిపితే ఆ 8,000 అక్కడే అయిపోతుంది, ర్యామ్‌కు పైసా మిగలదు. మీ పనికి టీ40నే తీసుకోండి.

పుత్తూరు_సిస్టమ్స్

పై మాటకు నాదీ అదే ఓటు. కానీ ఆ చౌక ర్యామ్ సంగతి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, అందుకే రాస్తున్నా.

'సర్వర్ ర్యామ్' అని బజార్లో గుట్టగా దొరికేది ఎక్కువ శాతం రిజిస్టర్డ్ డిమ్, అంటే ఆర్‌డిమ్. డేటా సెంటర్లు పాత మెషిన్లు తీసేసినప్పుడు వచ్చే సరుకది. ఎక్కువగా పెద్ద సర్వర్లలో వాడేది, ఇళ్లలో కొనేవాళ్లు లేక ధర పడిపోయింది. టీ40, టీ140 రెండింటికీ కావలసింది రిజిస్టర్ చిప్ లేని అన్‌బఫర్డ్ ఈసీసీ (మెమరీలో తప్పులను తానే సరిదిద్దుకునే రకం), అంటే ఈసీసీ యూడిమ్. రెండూ డీడీఆర్4, రెండింటికీ 288 పిన్నులే, గాడి కూడా ఒకచోటే. కాబట్టి ఆర్‌డిమ్ టీ40 స్లాట్‌లో చక్కగా దిగుతుంది. ఆన్ చేస్తే తెర నల్లగా ఉంటుంది, అంతే. మెమరీ కంట్రోలర్ రిజిస్టర్ చిప్‌తో మాట్లాడలేదు, బయోస్ అప్‌డేట్ చేసినా లాభం లేదు.

స్టిక్ మీది స్టిక్కర్ చదవడం నేర్చుకుంటే ఎవర్నీ అడగక్కర్లేదు. ఉదాహరణకు '16జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-ఈ' అని ఉందనుకోండి. వేగం తర్వాత గీత పెట్టి వచ్చే ఆంగ్ల అక్షరం చూడాలి. 'ఈ' ఉంటే ఈసీసీ యూడిమ్, మీకు కావలసింది. 'ఆర్' ఉంటే రిజిస్టర్డ్. 'ఎల్' ఉంటే లోడ్ రెడ్యూస్డ్, అదీ పనికిరాదు. 'యూ' ఉంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్, ఈసీసీ ఉండదు. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే చిప్పులు లెక్కపెట్టండి. ఎక్స్8 రకం స్టిక్‌లో ఒక వైపు ఎనిమిది నల్ల చిప్పులుంటే మామూలుది, తొమ్మిది ఉంటే ఈసీసీ. మధ్యలో పిన్నుల దగ్గరగా వాటికి భిన్నమైన ఇంకో చిప్ కనిపిస్తే అది రిజిస్టర్.

ఎంత వేయాలో మీ పనిని బట్టి లెక్క కడదాం. 12×36 షీట్ 300 డీపీఐలో 3600×10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.9 కోట్లు. 8 బిట్ ఆర్‌జీబీలో నిండు లేయర్ ఒక్కటే సుమారు 117 మెగాబైట్లు. ఇరవై లేయర్లు, వాటి మాస్కులు, పైన హిస్టరీ కలిస్తే ఒక్క షీట్‌కే రెండు మూడు జీబీలు పోతుంది. రెండు షీట్లు పక్కపక్కన తెరిచి, వెనుక కెమెరా రా ఫైళ్లు నడిస్తే 16 జీబీ చాలదు. మీకు 32 కావాలి.

టీ40లో నాలుగు స్లాట్లు. ఇప్పుడున్న 8 జీబీ ఒంటరి స్టిక్, అంటే సింగిల్ ఛానల్. 2666 వేగంలో ఒక ఛానల్ ఇచ్చేది సెకనుకు 21.3 జీబీ, జంటగా వేస్తే 42.6. పీ630 గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి జంట తేడా కంటికి కనిపిస్తుంది. డబ్బు చాలితే 16 జీబీ ఈసీసీ యూడిమ్‌లు రెండు వేసి పాత 8ని పక్కన పెట్టండి. లేదంటే ఇప్పుడు ఇంకో 8 జతచేసి, తర్వాత ఖాళీ స్లాట్లలో మరో రెండు 8లు వేయొచ్చు. ఈసీసీ, మామూలు స్టిక్కులు కలిపి మాత్రం వేయకండి.

భైరాగిపట్టెడ_ఆల్బమ్స్

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఆ 16 జీబీ స్టిక్ స్టిక్కర్ ఫొటో తెప్పించుకున్నాను. '2ఆర్ఎక్స్4 పీసీ4-2400టీ-ఆర్' అని ఉంది. అంటే వద్దన్నమాటే.

టీ40 సర్వీస్ ట్యాగ్ (డెల్ ప్రతి మెషిన్‌కు ఇచ్చే నంబరు) కూడా పంపారు. సైట్‌లో కొట్టి చూస్తే వారంటీ ఎప్పుడో అయిపోయినట్టు చూపిస్తోంది. సీల్ విప్పని బాక్స్‌కు అదెలా?

ఇంకోటి. సర్వర్లు పగలూ రాత్రీ నడవడానికే చేసినవి కదా, ఇరవైనాలుగు గంటలూ ఆన్‌లో ఉంచి ఫొటోలు అందులోనే దాచుకుందామనుకున్నా. కరెంటు బిల్లు ఎంత పెరగొచ్చు? ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

రేణిగుంట_పవర్

వారంటీ మొదలయ్యేది బాక్స్ కంపెనీ నుంచి బయలుదేరిన తేదీ నుంచి, మీరు సీల్ విప్పిన రోజు నుంచి కాదు. గోడౌన్‌లో మూడేళ్లు కూర్చున్న బాక్స్‌కు వారంటీ కూడా అక్కడే కూర్చుని అయిపోతుంది. డీలర్ 'మా వారంటీ ఏడాది' అంటే బిల్లు మీద సర్వీస్ ట్యాగ్ నంబరుతో సహా రాయించుకోండి. ట్యాగ్‌లో వారంటీ మిగిలి ఉంటే యాజమాన్యం మీ పేరుకు మార్పించుకోవాలి.

బిల్లు లెక్క తేలిక. ఒక వాట్ నెలంతా ఆగకుండా నడిస్తే 0.72 యూనిట్. పని లేనప్పుడు డబ్బా 40 వాట్లు లాగుతోందనుకుంటే 28.8 యూనిట్లు. మన ఎస్పీడీసీఎల్ ఇళ్ల టారిఫ్‌లో 2022 శ్లాబుల ప్రకారం 226 నుంచి 400 వరకు యూనిట్ 8.75 రూపాయలు. మీ ఇల్లు ఆ శ్లాబులో ఉంటే నెలకు 250 దాకా, పైన సర్దుబాటు ఛార్జీలు. అసలు సంఖ్య తెలియాలంటే ప్లగ్‌కు వాట్‌మీటర్ పెట్టి చూడండి. టీ140 అయితే షట్‌డౌన్ చేసినా ఐడ్రాక్ మేలుకునే ఉంటుంది, గోడ స్విచ్ తీసేదాకా కొన్ని వాట్లు పోతూనే ఉంటాయి. మీరొక్కరే వాడే ఫొటోల కోసం రాత్రంతా మెషిన్ మేలుకోవాల్సిన పని నాకు కనిపించడం లేదు.

ఇన్వర్టర్ సంగతి జాగ్రత్త. ఈ డబ్బాల పవర్ సప్లైలు యాక్టివ్ పీఎఫ్‌సీ రకం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇవి గీ పెడతాయి, కొన్నిసార్లు కరెంటు మారిన క్షణంలోనే ఆగిపోతాయి. ప్యూర్ సైన్ వేవ్ ఉండాలి. అది ఉన్నా, వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఆ మోడ్‌లో మారడానికి పది పదిహేను మిల్లీసెకండ్లు పడుతుంది, పవర్ సప్లై కెపాసిటర్లు ఆ మాత్రం ఓర్చుకుంటాయి. మామూలు మోడ్‌లో అంతకు రెండు మూడింతలు పడుతుంది, ఫ్యాన్లకూ లైట్లకూ తెలియదు కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో ఓల్టేజీ పరిధి కూడా ఇరుకు, 180 కిందికి పడితే వెంటనే బ్యాటరీ మీదికి వెళ్తుంది. సాయంత్రం లో ఓల్టేజీ ఉండే వీధి అయితే బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది. అలాంటి చోట కంప్యూటర్‌కు విడిగా చిన్న సైన్ వేవ్ యూపీఎస్ పెట్టడమే మంచిది.

ఎర్తింగ్ కూడా చూపించండి. మల్టీమీటర్‌తో ప్లగ్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే రెండు మూడు ఓల్టులు దాటకూడదు. దాటితే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

చివరగా ఎండ. ఈ మెషిన్లకు కంపెనీ చెప్పే గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. మన తిరుపతిలో రోహిణి కార్తె నాటికి బయటే నలభై దాటుతుంది, పై అంతస్తు గది మధ్యాహ్నం 35కు ఎప్పుడో దాటిపోతుంది. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట పెద్ద బ్యాచ్ ఎక్స్‌పోర్టులు పెట్టకండి, రాత్రికి వేసుకోండి. టేబుల్ కింద మూలకు తోయకుండా వెనుక జానెడు ఖాళీ వదలండి. ముందు ఎండకు దెబ్బతినేది ప్రాసెసర్ కాదు, ఫొటోలున్న హార్డ్ డిస్క్.

తిరుచానూరు_రోడ్డు

ఒక ఎదురు మాట వినండి. 39,000కు 18 శాతం జీఎస్టీ 7,020, మొత్తం 46,020. పైన ర్యామ్, ఎస్ఎస్‌డీ. వారంటీ లేదు. ఆ డబ్బుకు కాస్త అటూ ఇటూగా కోర్ ఐ5-12400తో కొత్త సిస్టమ్ కట్టించుకోవచ్చు. అందులో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, సొంత గ్రాఫిక్స్. ఈ-2224జీ 2019 నాటి నాలుగు కోర్లు. ఫొటోషాప్‌లో ఫిల్టర్లు, ఎక్స్‌పోర్టులు కొత్తదాని మీద స్పష్టంగా వేగం. పవర్ సప్లై పోతే తిరుపతిలో ఏ షాపులోనైనా ఏటీఎక్స్ దొరుకుతుంది. టీ40 సప్లై డెల్ సొంత కొలత, సొంత కనెక్టర్. అది పోతే చెన్నై, బెంగళూరు ఫోన్లు చేసుకోవాలి.

టీ40 ఇచ్చేది ఈసీసీ మెమరీ, గట్టి డబ్బా, మూడు 3.5 అంగుళాల డిస్కుల చోటు. ఆల్బమ్ పనికి ఈసీసీ ఉంటే మంచిదే, లేకపోతే పని ఆగదు. మీకు జీఎస్టీ నంబర్ ఉంటే ఆ 7,020 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, కానీ కొత్త సిస్టమ్ మీదా వస్తుంది. వారంటీ లేని స్టాక్ కాబట్టి అన్నీ కలిపి 33,000 దగ్గరికి దిగితేనే తీసుకోండి. దిగకపోతే వదిలేయండి.

చిత్తూరు_బెంచ్

ధర గురించి తిరుచానూరు రోడ్డు గారు చెప్పింది న్యాయంగా ఉంది. వారంటీ లేదని తేలాక 39,000 ఎక్కువే. బేరం కుదిరితే చేయాల్సిన పని వరుస రాస్తున్నా.

డబ్బు ఇవ్వకముందే అక్కడే ఆన్ చేయించండి. ఎఫ్2 నొక్కి సెటప్‌లో సెక్యూరిటీ మెనూ చూడండి, టీపీఎమ్ 2.0 గానీ పీటీటీ (ఇంటెల్‌లోనే ఉండే టీపీఎమ్) గానీ ఆన్ అవుతోందా, పాస్‌వర్డ్ ఏమైనా అడ్డొస్తోందా అని. ఎఫ్12లో డయాగ్నస్టిక్స్ ఉంటుంది, ఒకసారి పూర్తిగా నడవనివ్వండి. తేదీ, టైమ్ తప్పుగా ఉంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే, గోడౌన్ సరుకులో ఇది మామూలు. కొత్తది వేస్తే సరి. పవర్ కేబుల్ చూడండి, ఒక్కోసారి ర్యాక్‌లో పెట్టే రకం ఇస్తారు, మన మూడు పిన్నుల ప్లగ్‌కు సరిపోదు. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎమ్ఐకి కేబుల్ కూడా వెంట తీసుకెళ్లండి, లేకపోతే అక్కడ తెర చూడలేరు.

ఇంటికొచ్చాక ర్యామ్ వేసి, మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌తో కనీసం ఒక పూర్తి పాస్ నడపండి. తర్వాత బయోస్ అప్‌డేట్. డెల్ సైట్‌లో వారంటీ లేకపోయినా ఉచితంగా ఇస్తారు.

విండోస్ పెట్టకముందే సెటప్‌లో సాటా ఆపరేషన్ చూడండి. 'రెయిడ్ ఆన్' అని ఉంటే 'ఏహెచ్‌సీఐ'కి మార్చండి. అలాగే వదిలేస్తే విండోస్ ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనిపించకపోవచ్చు. విండోస్ ఎక్కించాక మారిస్తే నీలి తెర వచ్చి లేవదు.

డబ్బాతో వచ్చిన 1 టీబీ మీద విండోస్ వేయకండి. 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ అయినా చాలు, సెకనుకు 550 మెగాబైట్ల దాకా చదువుతుంది. ఇంకా వేగం కావాలంటే ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీని పీసీఐఈ అడాప్టర్ మీద పెట్టి నాలుగు లేన్ల స్లాట్‌లో వేయొచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్ఎస్‌డీ ఒక్కటే తగిలించి మిగతా డిస్కుల కేబుళ్లు పీకేయండి. లేకపోతే విండోస్ బూట్ పార్టిషన్‌ను పాత డిస్క్ మీద పెట్టొచ్చు, ఆ డిస్క్ చనిపోయిన రోజు ఎస్ఎస్‌డీ బాగున్నా మెషిన్ లేవదు.

డ్రైవర్లకు డెల్ పేజీలో టీ40 కింద విండోస్ సర్వర్‌వే కనిపిస్తాయి. కంగారు పడొద్దు, చిప్‌సెట్‌కూ పీ630కూ ఇంటెల్ సైట్ నుంచి తీసుకుంటే విండోస్ 11 మీద నడుస్తాయి. డీలర్ విండోస్ సర్వర్ లైసెన్స్ కలిపి ఇస్తానంటే వద్దనండి. సర్వర్ ఎడిషన్‌ను ఇంటి సాఫ్ట్‌వేర్లు, ఉచిత యాంటీవైరస్‌లు కొన్ని ఒప్పుకోవు.

4 టీబీ డిస్క్ కొనేటప్పుడు సీఎమ్ఆర్ రకమా అని అడగండి. ఎస్ఎమ్ఆర్ రకానికి ఒకేసారి వందల జీబీలు ఎక్కిస్తే మధ్యలో వేగం పడిపోతుంది, పెళ్లి ఫొటోల మెమరీ కార్డులన్నీ ఒకే రాత్రి దించేవాళ్లకు అది నరకం. పాత 1 టీబీని పారేయక్కర్లేదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 వరుసలు (చెడిన సెక్టార్ల లెక్కలు) చూడండి. మూడింటి రా విలువలూ సున్నా అయితే ఫొటోషాప్ స్క్రాచ్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే తాత్కాలిక చోటు) కాకుండా అయిపోయిన ఆర్డర్లకు వాడుకోండి. స్క్రాచ్ ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి.

డబ్బాలో రెండు డిస్కులకు రెయిడ్ 1 (రెండింటిలోనూ ఒకే డేటా రాసే పద్ధతి) పెట్టి అదే బ్యాకప్ అనుకోకండి. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొని, కస్టమర్ ఆల్బమ్ తీసుకెళ్లేదాకా రెండో కాపీ అందులో ఉంచండి. కాపీ అయ్యాక యూఎస్‌బీ కేబుల్ తీసేయండి. పిడుగు పడి పవర్ సప్లై పోయినా, వైరస్ వచ్చినా ఆ డిస్క్ జోలికి రావు.

భైరాగిపట్టెడ_ఆల్బమ్స్

అర్థమైంది అన్నా. టీ140 వదిలేశాను. టీ40కి అన్నీ కలిపి 33,000 అని చెప్పి చూస్తాను, కుదరకపోతే ఐ5 సిస్టమ్‌కు కొటేషన్ తీసుకుంటా. ఈసీసీ యూడిమ్ 16 జీబీ స్టిక్కులు రెండు తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఎవరి దగ్గరైనా ఉంటే స్టిక్కర్ ఫొటోతో ఇక్కడే చెప్పండి.